పండు ఆగదు, సీసా ఆగుతుంది: ఫ్రాన్స్‌లో ఒక రైతు కుటుంబం, వాళ్ళ నురగల తెల్ల వైన్



పైన వీడియో చూసి కొందరికి కోపం రావొచ్చు. "జీవామృతం గురించి చెప్పే మనిషివి, ఇప్పుడు వైన్ సీసాల గురించి చెప్తున్నావేందన్నా?" అని అడుగుతారని నాకు తెలుసు. నాకు తాగే అలవాటు లేదు. ఎవరినీ తాగమని చెప్పడానికీ ఇది రాయడం లేదు. కోసిన పండు సాయంత్రానికల్లా అమ్ముడుపోకపోతే రైతు పరిస్థితి ఏంటో తెలిసినవాళ్ళ కోసం రాస్తున్నాను.

మాది హైదరాబాద్ శివార్లలో ఒక ఊరు. ఒకప్పుడు మా చుట్టుపక్కల ద్రాక్ష పందిళ్ళు బాగా ఉండేవి. మా నాయనకు మూడెకరాల అనాబ్‌షాహి తోట. కాయ పెద్దగా, లేత పసుపు రంగులో, చూస్తేనే నోరూరేటట్టు ఉండేది. పొద్దున బేరగాడు వచ్చి ఒక ధర చెప్పేవాడు. నాయన ఒప్పుకోకపోతే నవ్వుకుంటూ వెళ్ళిపోయి, ఎండ ముదిరాక మళ్ళీ వచ్చి ఇంకో రూపాయి తగ్గించి అడిగేవాడు. మార్కెట్‌కు తీసుకుపోతే తరుగు, కమీషన్, హమాలీ. ఒక ఏడు కోతల టైములో వాన పడి కాయ పగిలింది. ఆ ఏడు తక్‌పట్టీ చేతిలో పట్టుకుని నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి ఏడాది రాతి కడీలు, తీగ అన్నీ అమ్మేసి తోట తీసేశాడు. అప్పుడు ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే: "పండిన పండు రైతు మాట వినదు బిడ్డా, బేరగాని మాటనే వింటది."

మా అమ్మాయి పారిస్‌లో చదువుకుంటోంది. నేను సెప్టెంబర్‌లో వెళ్ళినప్పుడు, "నాన్నా, నీకు మ్యూజియాలు చూపిస్తే ఏం చూస్తావు, తోటలు చూద్దాం పద" అని ఒక ద్రాక్ష రైతు ఇంటికి తీసుకుపోయింది. వీడియోలో కనిపించేది వాళ్ళ తోటే. ప్రచారం కోరుకునే మనుషులు కాదు కాబట్టి పేరు రాయడం లేదు.

ఈ ఊరు ఎక్కడుంది

పారిస్ నుంచి రైలులో గంటన్నర వెళ్తే త్రువా అనే పట్టణం వస్తుంది. అక్కడి నుంచి కారులో సేన్ నది వెంట దక్షిణంగా వెళ్ళాలి. ఆ జిల్లా పేరు ఓబ్. షాంపేన్ ప్రాంతానికి ఇది దక్షిణపు కొస. షాంపేన్ అంటే మనం ఒక మందు పేరు అనుకుంటాం కానీ అది ఒక ప్రాంతం పేరు. ఆ ప్రాంతంలో పండిన ద్రాక్షతో, అక్కడి నియమాల ప్రకారం చేసిన నురగల వైన్‌కే ఆ పేరు పెట్టుకోవాలి.

చిన్న చిన్న గుట్టలు, గుట్టల వాలు మీద ద్రాక్ష వరసలు. మన పందిరిలా ఎత్తుగా ఉండదు, నడుము ఎత్తుకు కొంచెం పైన కట్టిన తీగల మీద మొక్కలు నిలబడి ఉంటాయి. హెక్టారుకు దాదాపు 8,000 మొక్కలు. మట్టి చేతిలోకి తీసుకుంటే సున్నపురాయి ముక్కలు, వాటిలో చిన్న చిన్న ఆల్చిప్పల అచ్చులు. 15 కోట్ల ఏళ్ళ కింద అక్కడ సముద్రం ఉండేదట.

వరసల్లో ఉన్నది నల్ల ద్రాక్ష, పినో న్వార్ అనే రకం. "తెల్ల వైన్ అన్నారు, ఇది నల్లగా ఉందేంటి?" అని అడిగాను. ఇంటి పెద్దాయన నవ్వి ఒక కాయ కోసి, రెండు వేళ్ళతో చిదిమి చూపించాడు. లోపల రసం తెల్లగానే ఉంది. రంగంతా తొక్కలోనే. తొక్కతో కలిపి నానబెడితే ఎర్ర వైన్. గుత్తిని చెదరనివ్వకుండా తెచ్చి మెల్లగా పిండితే తెల్ల వైన్. అందుకే షాంపేన్‌లో మిషన్ కోత నిషేధం, ప్రతి గుత్తీ చేత్తో కోయాల్సిందే. పిండడానికి కూడా లెక్క ఉంది. 4,000 కిలోల ద్రాక్ష నుంచి 2,550 లీటర్ల రసం మాత్రమే తీసుకోవాలి. ఆపైన వచ్చేది షాంపేన్‌కు పనికిరాదు. అంటే 75 సెంటీలీటర్ల సీసాకు దాదాపు 1.2 కిలోల ద్రాక్ష పడుతుంది.

బుడగ ఎక్కడి నుంచి వస్తుంది

ఇక్కడ మనకు బాగా తెలిసిన విషయం ఒకటి చెప్తాను. రెండేళ్ళ కింద నేను మాగిన పండ్లు, బెల్లం కలిపి ఊరబెట్టిన ద్రావణాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించాను. మూడో రోజు రాత్రి కొట్టంలో బాంబు పేలినట్టు శబ్దం. తెల్లారి చూస్తే గోడంతా బొప్పాయి గుజ్జు. జీవామృతం డ్రమ్ముకు గోనె సంచి కప్పమంటాం కానీ మూత బిగించమని ఎందుకు చెప్పమో అప్పుడు బాగా అర్థమైంది.

ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తుంది. తాటి కల్లు మీద నురగ కూడా అదే గాలి. లొట్టికి మూత ఉండదు కాబట్టి గాలి పోతుంది. షాంపేన్‌లో ఆ గాలిని సీసాలోనే పట్టి ఉంచుతారు.

మొదట ద్రాక్ష రసం పీపాల్లో, ట్యాంకుల్లో మామూలు వైన్‌గా పులుస్తుంది. ఈ కుటుంబం ఆ పనికి కొన్న ఈస్ట్ వాడదు. కోతలకు కొన్ని రోజుల ముందే తమ తోటలోని కొన్ని గుత్తులు తెచ్చి చిన్న గిన్నెలో పులియబెట్టి, దాన్ని పెద్ద ట్యాంకుకు కలుపుతారు. మనం పాలకు తోడు వేసినట్టే. తోటలో విషం చల్లకపోతే తోటలోని సూక్ష్మజీవే పని చేసిపెడుతుందని పెద్దాయన కూతురు చెప్పింది. సెల్లార్ బాధ్యత ఆమెదే.

తర్వాతి వసంతంలో ఆ వైన్‌ను సీసాల్లో నింపి, లీటరుకు దాదాపు 24 గ్రాముల చక్కెర, కొంచెం ఈస్ట్ కలిపి మూత బిగిస్తారు. సీసాలో రెండోసారి పులుస్తుంది. లోపల ఒత్తిడి 6 అట్మాస్ఫియర్ల దాకా వెళ్తుంది. కారు టైరులో ఉండేదానికి రెండింతల కంటే ఎక్కువ. ఈ రెండో దశకు మాత్రం బయట కొన్న ఈస్టే వాడతామని ఆమె దాచకుండా చెప్పింది. ట్యాంకులో తేడా వస్తే సరిదిద్దుకోవచ్చు, వేల సీసాల్లో తేడా వస్తే ఇల్లు అమ్ముకోవాల్సిందే అంది.

పాత రోజుల్లో ఈ చక్కెర లెక్క ఎవరికీ సరిగ్గా తెలియదు. సెల్లార్‌లో సీసాలు వరసగా పేలేవి. పనివాళ్ళు ముఖానికి ఇనుప జాలీ కట్టుకుని లోపలికి వెళ్ళేవారు. 1836లో షాలోఁ పట్టణంలో ఫ్రాన్స్వా అనే మందుల తయారీదారు ఎంత చక్కెరకు ఎంత గాలి వస్తుందో కొలిచే పద్ధతి రాశాడు. ఆ తర్వాతే పేలుళ్ళు తగ్గాయి. నా డబ్బా సంగతి చెప్తే ఇంటిల్లిపాదీ నవ్వారు.

పులిసిన ఈస్ట్ చచ్చి మడ్డిగా అడుగున చేరుతుంది. షాంపేన్ నియమం ప్రకారం సీసా కనీసం 15 నెలలు సెల్లార్‌లో ఉండాలి, అందులో 12 నెలలు ఆ మడ్డి మీదే. వీళ్ళు మూడేళ్ళ దాకా ఉంచుతారు. తర్వాత రంధ్రాలున్న చెక్క పలకలకు సీసాలు గుచ్చి, రోజూ కొద్దిగా తిప్పుతూ కొద్దికొద్దిగా తలకిందులు చేస్తారు. మడ్డంతా మూత దగ్గరికి వస్తుంది. సీసా మెడను గడ్డకట్టించే ద్రావణంలో ముంచి మూత తీస్తే మడ్డి మంచుముక్కలా ఎగిరి బయటపడుతుంది. వీడియోలో పెద్దాయన సీసాలు తిప్పే వేగం చూడండి, రెండు చేతులూ ఒకేసారి కదులుతాయి.

ఆవు కొమ్ము, మైలతుత్తం

ఆ ఇంటివాళ్ళు కలుపు మందు, రసాయన ఎరువు ఆపి పదిహేనేళ్ళు దాటింది. వరసల మధ్య గడ్డి పెరగనిస్తారు, మొక్క మొదట్లో మాత్రం పరికరంతో గీస్తారు. ఆవు పేడను ఆవు కొమ్ములో నింపి చలికాలమంతా భూమిలో పాతిపెట్టి, తర్వాత నీళ్ళలో గంటసేపు తిప్పి చల్లుతారు. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ చెప్పిన బయోడైనమిక్ పద్ధతి ఇది. ఈ ఓబ్ జిల్లాలోనే కూర్తెరోఁ ఊళ్ళో ఫ్లూరీ కుటుంబం 1989లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. షాంపేన్ మొత్తంలో వాళ్ళే మొదటివాళ్ళు. అప్పట్లో షాంపేన్ తోటల్లో పారిస్ నగరం చెత్తను ఎరువుగా పోసేవాళ్ళు. 1990ల చివరిదాకా ఇది నడిచింది. ఇప్పటికీ కొన్ని తోటల్లో దున్నితే ప్లాస్టిక్, గాజు ముక్కలు బయటపడతాయి.

అయితే ఒక మాట. అక్కడ వాన ఎక్కువ, బూజు తెగులు ప్రాణాంతకం. ఆ తెగులు 1878లో అమెరికా నుంచి ఫ్రాన్స్‌కు వచ్చింది. దానికి మందుగా 1885లో బయటికొచ్చిందే మనకు తెలిసిన బోర్డో మిశ్రమం, మైలతుత్తం, సున్నం కలిపినది. సేంద్రియ రైతులకు కూడా అదే ఆధారం. కానీ రాగి మట్టిలో పేరుకుపోతుంది. అందుకే యూరప్‌లో ఏడేళ్ళకు హెక్టారుకు 28 కిలోల రాగికి మించకూడదని పరిమితి పెట్టారు. "ఇది మా బలహీనత, దాచుకోం" అన్నాడు పొలం చూసుకునే అల్లుడు. ఆ మాట నాకు నచ్చింది. మనలో కొందరు అన్నిటికీ కషాయమే మందు అని వీడియోల్లో చెప్పేస్తుంటారు.

కాటా కోసం జరిగిన కొట్లాట

మధ్యాహ్నం భోజనం దగ్గర పెద్దాయన చెప్పింది వింటుంటే మా నాయన గుర్తొచ్చాడు.

వంద ఏళ్ళ కింద అక్కడి రైతులూ ద్రాక్ష మాత్రమే అమ్మేవాళ్ళు. కొనేవి పెద్ద షాంపేన్ కంపెనీలు. కొన్ని కంపెనీలు ఇక్కడి రైతుకు ధర ఇవ్వకుండా, రైలు మీద బయటి ప్రాంతాల ద్రాక్ష, వైన్ తెప్పించుకుని షాంపేన్ అని అమ్మేవి. 1910లో వానలు, తెగుళ్ళతో పంట దాదాపు పూర్తిగా పోయింది. 1911 జనవరిలో ఉత్తరాన మార్న్ జిల్లా రైతులు వీధుల్లోకి వచ్చి, బయటి వైన్ పీపాలు పగలగొట్టారు.

ఓబ్ రైతుల బాధ ఇంకోటి. 1908లో ప్రభుత్వం గీసిన షాంపేన్ హద్దుల్లో వీళ్ళ జిల్లా లేదు. తరతరాలుగా కంపెనీలకు ద్రాక్ష అమ్మినవాళ్ళు ఒక్క కాగితంతో బయటివాళ్ళు అయిపోయారు. 1911 ఏప్రిల్ 9న వేలమంది త్రువాలో ఊరేగింపు తీశారు. ప్రభుత్వం మెత్తబడబోతోందని తెలిసి మార్న్ రైతులు అయీ పట్టణంలో కంపెనీల ఇళ్ళు తగలబెట్టారు, సైన్యం దిగింది. రైతుకు రైతునే ఎదురు నిలబెట్టిన కాలం అది. జూన్‌లో ఓబ్‌కు "రెండో జోన్ షాంపేన్" అని పేరిచ్చారు. పూర్తి హక్కు రావడానికి 1927 దాకా పట్టింది.

హక్కు వచ్చిన రెండేళ్ళకే ప్రపంచమంతా మాంద్యం. ద్రాక్ష కొనే నాథుడు లేడు. 1929లో ఫ్లూరీ కుటుంబం వాళ్ళు అమ్ముడుపోని పంటతో సొంతంగా సీసాలు నింపడం మొదలుపెట్టారు. ఆ జిల్లాలో అలా మొదలుపెట్టిన తొలి రైతుల్లో వాళ్ళున్నారు. ఇప్పుడు సొంత ద్రాక్షతో సొంతంగా వైన్ చేసే రైతు సీసా మీద చిన్న అక్షరాల్లో "ఆర్‌ఎం" అని, ద్రాక్ష కొని చేసే కంపెనీ సీసా మీద "ఎన్ఎం" అని ఉంటుంది. ఈ రోజుకీ షాంపేన్ తోటల్లో దాదాపు 90 శాతం రైతుల చేతిలో ఉన్నాయి, అమ్ముడయ్యే సీసాల్లో మాత్రం మూడింట రెండొంతులకు పైగా కంపెనీలవే. మొత్తం సీసాగా మార్చే రైతు అక్కడా తక్కువే.

లెక్క చూద్దాం. ఈ మధ్య అక్కడ కిలో ద్రాక్షకు సుమారు 6, 7 యూరోలు ఇస్తున్నారు. అంటే సీసాకు పట్టే ద్రాక్ష ఖరీదు 7, 8 యూరోలు. చిన్న రైతు ఇంటి దగ్గర అమ్మే సీసా 20 నుంచి 30 యూరోలు ఉండటం మామూలే. మిగతాదంతా లాభం అనుకోవద్దు. సీసా, బెండు, కూలీలు, పన్నులు, మిషన్లు అన్నీ అందులోనే. అన్నిటికంటే పెద్ద ఖర్చు కాలం. ఈ సెప్టెంబర్‌లో కోసిన పంట డబ్బు చేతికి రావడానికి వాళ్ళకు మూడేళ్ళ పైనే పడుతుంది.

పంట పోయిన ఏడు

"మరి ఆ మూడేళ్ళు ఎలా బతికారు?" అని అడిగాను. నాకు కావాల్సిన ప్రశ్న ఇదే.

పెద్దాయన తండ్రి మొదటి ఏడాది పంటలో పదో వంతు మాత్రమే సీసాల్లో పోశాడట. మిగతాది ఎప్పట్లాగే కంపెనీకి అమ్మాడు. తర్వాతి ఏడు ఇంకొంచెం. అప్పు చేసి మొత్తం ఒకేసారి మార్చిన పక్కింటాయన నాలుగో ఏట తోట అమ్ముకున్నాడట. వీళ్ళకు మొత్తం పంట సీసాల్లోకి రావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

తర్వాత మమ్మల్ని సెల్లార్‌లోకి తీసుకుపోయారు. చల్లగా, చీకటిగా, గోడల వెంట అడ్డంగా పేర్చిన సీసాలు. ఒక మూలన ఖాళీగా ఉంది. "అది 2021" అంది కూతురు. ఆ ఏడు ఏప్రిల్‌లో మంచు పడి చిగుళ్ళు మాడిపోయాయి, మిగిలినదాన్ని వేసవి వానల్లో బూజు తెగులు తిన్నది. షాంపేన్ అంతటా ఆ ఏడు పెద్ద దెబ్బే. రసాయన మందు చల్లని వీళ్ళకు మూడొంతుల్లో రెండొంతుల పంట పోయింది. "ఆ జూలైలో మందు కొట్టేద్దామని నేనే అన్నాను" అని అల్లుడు తల దించుకుని చెప్పాడు. మామ వద్దన్నాడట. ఇంట్లో నెల రోజులు మాటల్లేవు.

కానీ ఆ ఏడూ వాళ్ళకు ఆదాయం ఆగలేదు. ఎందుకంటే అప్పుడు అమ్ముతున్నది 2018 పంట! సెల్లార్‌లో మూడేళ్ళ సీసాలు ఉన్నాయి. మంచి ఏడాదుల వైన్‌లో కొంత రిజర్వ్‌గా పక్కన పెట్టుకోవడానికి షాంపేన్ నియమాలు ఒప్పుకుంటాయి, అదీ కలుపుకున్నారు. 2021 దెబ్బ ఒకే ఏడాది మీద పడకుండా నాలుగైదేళ్ళకు పంచుకుపోయింది. అదే ఊళ్ళో ద్రాక్ష మాత్రమే అమ్ముకునే కొత్త రైతు ఒకాయన ఆ ఏడు డ్రైవర్‌గా పనికి పోయాడట.

అప్పటిదాకా నేను, సొంతంగా సరుకు చేసుకుంటే ధర ఎక్కువ వస్తుంది, అంతే అనుకునేవాణ్ణి. ఆ చీకటి గదిలో నిలబడితే తెలిసింది, వాళ్ళు సంపాదించుకున్నది ధర కంటే ముందు టైము. బేరగాడు రేపు వస్తానంటే రేపే రమ్మనగలరు. తోటలో విషం చల్లకుండా ఒక చెడ్డ ఏడాదిని ఓర్చుకోగలరు. ప్రకృతి వ్యవసాయానికి ఓపిక కావాలని అందరం చెప్తాం. ఆ ఓపిక ఎక్కడి నుంచి వస్తుందో నాకు అక్కడ కనిపించింది.

మనం ఏం చేయొచ్చు

ఎవరూ వైన్ తయారీకి దిగకండి. మన దగ్గర ఎక్సైజ్ లైసెన్స్ లేకుండా చేస్తే నేరం. మనకు ఆ అవసరమూ లేదు. పండును ఆపే విద్య మన ఆడవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. మామిడి ఒరుగులు, ఆవకాయ, ఆత్రేయపురం తాండ్ర, ఎండు చింతపండు, గానుగ నూనె, బెల్లం, ఇవన్నీ ఆగే సరుకులే.

నేను చేయబోయేది చెప్తాను. నాకు రెండెకరాల మామిడి ఉంది. ఇన్నేళ్ళూ కాయ దింపిన రోజే అమ్ముకుంటున్నాను. వచ్చే ఎండాకాలం పదో వంతు మాత్రం అమ్మకుండా తాండ్ర పోయిస్తాను. మొత్తం కాదు, అప్పు చేసి కాదు. చెడిపోతే పదో వంతే చెడిపోతుంది. ఎలా వచ్చినా, లాభమైనా నష్టమైనా, లెక్కతో సహా ఇక్కడే పెడతాను. ఎండబెట్టడంలో, నిల్వలో అనుభవం ఉన్న అక్కయ్యలు ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చి నేర్చుకుంటాను.

ఇంటికి వచ్చాక నాయనకు ఈ వీడియో ఫోన్‌లో చూపించాను. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. ద్రాక్ష బుట్టలు తూకం వేసే చోట ఆపమన్నాడు.

"ఆ కాటా ఎవరిది?"

"వాళ్ళదే నాయనా."

కాసేపు ఊరుకుని, "ఇంకోసారి పెట్టు" అన్నాడు.

వచ్చే వారం వీడియోలో వరసల మధ్య గడ్డి పెంచడం గురించి, మన ఎర్ర నేలల్లో అది ఎంతవరకు పనికొస్తుందో మాట్లాడుకుందాం. సెలవు.